దంతపు బిళ్ళకు రాసిన రసీదు

కస్టమ్స్ సూపరింటెండెంటుగా నా చివరి పోస్టింగు బెంగళూరు విమానాశ్రయంలో. రిటైరుమెంటుకు ఇంకా ఇరవై నెలలు ఉండగా, ఒక జూన్ నెల మొదటి సోమవారం నన్ను అరైవల్ హాలు నుంచి డిపార్చర్ విభాగానికి మార్చారు. ఇక్కడ రాస్తున్న సంగతి ఆ తర్వాత మూడో వారంలో జరిగింది.

కస్టమ్స్ వాళ్ళంటే విదేశాల నుంచి వచ్చేవాళ్ళ పెట్టెలు తెరిచి చూసేవాళ్ళని చాలామంది అనుకుంటారు. పోయేవాళ్ళతోనూ మాకు పని ఉంటుంది. దేశం దాటించకూడని వస్తువులు కొన్ని ఉన్నాయి. మా ప్రాంతం వరకు ముఖ్యమైనది ఎర్రచందనం. దుంగలే కాదు, దానితో చేసిన బొమ్మయినా, గిన్నెయినా అనుమతి లేకుండా పోకూడదు. పులిగోరు, జింక చర్మం, ఏనుగు దంతం, నెమలి ఈకల విసనకర్ర, పాతకాలపు విగ్రహాలు కూడా అంతే. ఇవి మన చట్టాలు. పోయే దేశపు చట్టాలు వేరే ఉంటాయి. గల్ఫ్‌కు పనికి పోయే ఆడవాళ్ళ సంచుల్లో మసాలా పొట్లాలతోపాటు గసగసాల పొట్లం కనబడేది. మన వంటింట్లో అది మామూలు దినుసు. అక్కడి కొన్ని దేశాల్లో మాదకద్రవ్యం కింద లెక్క, జైలు శిక్ష పడుతుంది. అది చూసుకోవడం మా పని కాదు, మాకు అధికారమూ లేదు. అయినా కంటబడినప్పుడు చెప్పి తీయించేదాన్ని. బాగేపల్లి నుంచి వచ్చిన ఒకావిడ ఆ పొట్లాన్ని నా బల్ల మీదే పెట్టి, "మీరే పాయసానికి వాడుకోండమ్మా" అని వెళ్ళిపోయింది.

డిపార్చర్‌లో నా బల్ల దగ్గర జరిగే పనుల్లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికేటు ఒకటి. నగలు వేసుకుని విదేశానికి పోయి కొద్దిరోజుల్లో తిరిగి వచ్చేవాళ్ళను, ఆ బంగారం ఇక్కడి నుంచి తీసుకుపోయిందేనని రుజువు చూపకపోతే, వచ్చేటప్పుడు సుంకం కట్టమని అడగవచ్చు. అందుకని పోయే రోజే మా దగ్గరికి వచ్చి వస్తువులు చూపిస్తే, తూకం వేసి, ఫొటో తీసి, వర్ణన రాసి, సంతకంతో ఒక పత్రం ఇస్తాం. తిరిగి వచ్చినప్పుడు రెడ్ చానెల్లో, అంటే చెప్పుకోవలసింది ఉన్నవాళ్ళు నడిచే దారిలో, ఆ పత్రం చూపితే సరిపోతుంది. ఈ సౌకర్యం ఉందని తెలిసినవాళ్ళు తక్కువ. తెలిసి వచ్చేవాళ్ళు ఇంకా తక్కువ. రోజుకు ఇద్దరో ముగ్గురో వచ్చేవారు.

ఆ రోజు పదకొండు గంటలకు వచ్చినవాళ్ళు తండ్రీ కూతుళ్ళు. ఆయన పేరు వెంకటరవణప్ప. డెబ్భై దాటిన మనిషి, తెల్లటి పంచె, భుజాన జరీ అంచు కండువా, చంకలో గుడ్డ తొడుగు వేసిన పొడుగాటి నాదస్వరం. కూతురు సుభద్రకు నలభై ఉంటాయి. చింతామణి దగ్గర ఒక ప్రభుత్వ శాలెలో, అంటే బడిలో, ఉపాధ్యాయురాలు. తండ్రి పక్కన కూర్చుని రెండో నాదస్వరం వాయిస్తుంది. మలేసియాలో మన తెలుగువాళ్ళు ఒక గుడి కట్టుకున్నారు. తాతల కాలంలో రబ్బరు తోటల్లోకి పోయినవాళ్ళ సంతానం. ఆ గుడి కుంభాభిషేకానికి వీళ్ళ మేళాన్ని పిలిపించారు. డోలు వాయించే ఇద్దరు బాగేపల్లి నుంచి వచ్చి అప్పటికే చెకిన్ వరుసలో నిలబడి ఉన్నారు. విమానం మధ్యాహ్నం మూడున్నరకు.

సుభద్ర చేతిలో ఒక ఫైలు. పాస్‌పోర్టులు, టిక్కెట్లు, గుడివాళ్ళు అక్కడి ప్రభుత్వం నుంచి తెప్పించిన కళాకారుల అనుమతి, మూడు రోజుల ముందుగా కంప్యూటర్లో నింపవలసిన రాకపత్రం, ప్రభుత్వోద్యోగి కాబట్టి ఆమె శాఖ ఇచ్చిన నిరభ్యంతర పత్రం, అన్నీ వరుసగా ఉన్నాయి. నా ఉద్యోగంలో అంత క్రమంగా కాగితాలు పెట్టుకుని వచ్చిన ప్రయాణికులను ఎక్కువమందిని చూడలేదు.

మొదట కన్నడంలో మాట్లాడాను. పెద్దాయన కూతురితో మెల్లగా, "యాడ సహి చేయాల్నో అడుగు పాపా" అన్నాడు. ఆ మాట వినగానే నేను తెలుగులోకి వచ్చాను. మాది జంగమకోటె. అమ్మా నాన్నా పట్టుపురుగులు పెంచేవాళ్ళు. డిగ్రీ చింతామణిలో చదివాను. ఆ సంగతి చెప్పాను. ఆయన ముఖం విచ్చుకుంది. జంగమకోటె తేరుకు తాను నాలుగేళ్ళు వరసగా వాయించానన్నాడు. చిన్నప్పుడు ఆ తేరు ముందు నడిచినదాన్ని నేను. మేళం విన్నాను గానీ వాయించినవాళ్ళ ముఖాలు చూసిన జ్ఞాపకం లేదు.

వాళ్ళు వచ్చింది బంగారు తోడా కోసం. తోడా అంటే విద్వాంసుల కుడి చేతికి తొడిగే లావుపాటి కడియం. ఎప్పుడో ఒక సభవాళ్ళు సన్మానంలో తొడిగారట. నాదస్వరానికి వేలాడదీసే పతకాలు మరో నాలుగు, అందులో రెండు బంగారువి. కచేరికి పోయేటప్పుడు ఇవి లేకుండా కూర్చోకూడదని ఆయన పట్టు. "పోయేటప్పుడే కాయితం తీసుకుంటే వచ్చేటప్పుడు తంటా ఉండదని మా పాప చెప్పింది" అన్నాడు.

తోడాను తూచాను. పతకాలు తూచాను. నాదస్వరం ఏ చెక్కతో చేశారని అడిగాను. ఎర్రచందనమైతే ఆపవలసి వస్తుంది. ఆచా మాను అన్నాడు, నాదస్వరాలకు వాడే గట్టి నల్ల చెక్క. పొర చూస్తే అది నిజమే. తర్వాత, అలవాటుగా, ఇంకా ఏమైనా ఉంటే చూపించమన్నాను. ఆయన నడుముకు కట్టుకున్న చిన్న పట్టు సంచి విప్పి, ఉన్నవన్నీ బల్ల మీద పోశాడు. నోట్లో పెట్టుకుని ఊదే రెల్లు పీకలు అయిదారు, దారపు ఉండ, కొబ్బరినూనె డబ్బీ, ఒక సన్నటి సూది, పాత అణాబిళ్ళ కంటే పెద్దదైన ఒక గుండ్రటి బిళ్ళ. సూదీ బిళ్ళా మీగడ రంగులో ఉన్నాయి.

నేను బిళ్ళను చేతిలోకి తీసుకుని దీపం వైపు తిప్పాను. దంతాన్ని గుర్తుపట్టడం మాకు శిక్షణలో నేర్పుతారు. ఎముక అయితే చిన్న చిన్న చుక్కలు కనబడతాయి, ప్లాస్టిక్ అయితే ఏమీ కనబడదు. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోస్తే ఆ కోతలో ఒకదాన్నొకటి దాటే సన్నని వంపు గీతలు ఉంటాయి, వల అల్లినట్టు. ఆ వల స్పష్టంగా కనిపించింది. శిక్షణలో నమూనాగా చూపిన దువ్వెనలో కూడా అంత స్పష్టంగా చూడలేదు.

"ఇది దేనిదప్పా?" అని అడిగాను. ఆయన ఏమీ దాచలేదు. "దంతం బిళ్ళమ్మా. పీక కింద ఉంటాది. పెదవి దీనికి ఆనించి ఊదాల. మా తాత వాయించినాడు దీంతో, మా నాయిన వాయించినాడు. ఇప్పుడు నేను" అన్నాడు. సూది పీకలో ఎంగిలి అడ్డం పడితే తీసేందుకు.

ఆ తర్వాత ఏం చెప్పాలో నాకు తెలుసు. దంతం దేశం దాటకూడదు. పాతదైనా, చిన్నదైనా, తాతల నాటిదైనా సరే. ఇంట్లో ఉంచుకోవాలన్నా అటవీశాఖకు ప్రకటించి యాజమాన్య ధ్రువపత్రం తీసుకుని ఉండాలి. అది లేకపోతే వస్తువు స్వాధీనం చేసుకుని, కేసు రాసి, వన్యప్రాణి చట్టం కింద అటవీ అధికారులకు అప్పగించాలి. బల్ల మీద ఉన్నది అరచేతిలో ఇమిడే వస్తువు. దానికీ గుమ్మంలో నిలబెట్టే జత దంతాలకూ చట్టంలో తేడా లేదు.

వాళ్ళిద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టాను. ఇదంతా ఒక్కొక్కటిగా తెలుగులో చెప్పాను. పెద్దాయన మధ్యలో ఒకసారి, "చంపిన ఏనుగుది కాదమ్మా" అన్నాడు. ఆ తేడా కూడా చట్టం చూడదని చెప్పాను. ఇంకో సంగతి కూడా చెప్పాను: నేను కళ్ళు మూసుకున్నా మలేసియాలో దిగగానే అక్కడివాళ్ళు చూస్తారు, అక్కడా దంతానికి నిషేధం ఉంది, అప్పుడు భాష రాని చోట మిమ్మల్ని కూర్చోబెడతారు. సుభద్ర ముఖం పాలిపోయింది. ఆమె ఫైలు మూసి ఒళ్ళో పెట్టుకుని, "ఇది నాకు తెలీలేదు మేడమ్. అన్నీ చూసుకున్నాననుకుంటిని" అంది.

కాగితం ఏదైనా ఉందా అని అడిగాను. ఆమెకు తెలియదు. పెద్దాయన చాలాసేపు ఆలోచించాడు. తండ్రి బతికి ఉన్నప్పుడు ఎవరో ఫారెస్టు గార్డు ఇంటికి వచ్చి దంతం వస్తువులుంటే రాయించుకోవాలని చెప్పాడట. తండ్రి రెండుసార్లు చిక్కబళ్ళాపురం అరణ్య ఇలాఖె కచేరికి, అటవీశాఖ ఆఫీసుకు, బస్సులో పోయి అర్జీ ఇచ్చి వచ్చాడు. "ఒక కాయితం ఇచ్చినారు. రెండు తలకాయల పక్షి బొమ్మ ఉండాది దాంట్లో. ట్రంకు పెట్టెలో పెట్టింటాడు మా నాయిన" అన్నాడు.

రెండు తలల పక్షి కర్ణాటక ప్రభుత్వ ముద్ర. సుభద్ర అప్పుడే తల్లికి వీడియో కాల్ చేసింది. చింతామణి ఇంట్లో నరసమ్మ ఒక్కతే ఉంది. ఆమెకు చదువు రాదు. ఫోను ఎత్తడం వచ్చు గానీ వీడియో అలవాటు లేదు. తెర మీద మొదట కనబడింది ఆమె చెవి, చెవికున్న కమ్మ. "అమ్మా, చెవి కాడ పెట్టుకోవద్దు. ముందర పట్టుకో" అని సుభద్ర మూడుసార్లు చెప్పాక ముఖం కనబడింది.

ఆమె ట్రంకు పెట్టె తెరిచింది. నరసమ్మ ఒక్కో కాగితం తీసి ఫోనుకు చూపించడం, సుభద్ర కాదనడం. రేషను కార్డు. పొలం పహణి. కరెంటు బిల్లుల కట్ట. సుభద్ర ఏడో క్లాసు మార్క్స్ కార్డు.

"రెండు తలకాయల పక్షి ఉండేది చూడే" అని పెద్దాయన పక్క నుంచి అరిచాడు.

"అన్నిట్లోనూ ఆ పక్షే ఉండాది గదా! యా పక్షి అని చూడను నేను?" అంది నరసమ్మ.

ఆ పరిస్థితిలోనూ సుభద్ర నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. నా తలపైన కెమెరా ఉంది. బల్ల దగ్గర అధికారి ఎలా ప్రవర్తించిందో కావాలంటే తర్వాత ఎవరైనా చూడవచ్చు.

నలభై నిమిషాలు పట్టింది. పెట్టె అడుగున పరిచిన పాత పంచాంగం కింద, మడతల దగ్గర చిరిగిన గోధుమరంగు కాగితం దొరికింది. కన్నడంలో టైపు చేసిన ధ్రువపత్రం. వెంకటరవణప్ప తండ్రి పేరు, ఊరు, "నాదస్వర ఉపకరణాలు: దంతపు బిళ్ళ ఒకటి, దంతపు సూది ఒకటి", బరువు, వెడల్పు, కింద ముద్ర, సంతకం. తెర మీద కనబడ్డదాన్ని సుభద్ర చేత ఫొటో తీయించి తీసుకున్నాను. వెడల్పు కొలిచి చూశాను. సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. వస్తువు దొంగతనంగా ఇంట్లో ఉన్నది కాదు. అయినా రెండు చిక్కులు మిగిలాయి. దేశం దాటించడానికి ఆ ధ్రువపత్రం పనికిరాదు. రెండోది, అది చనిపోయిన తండ్రి పేరున ఉంది. వారసుడు ఆ సంగతి అటవీశాఖకు తెలియజేసి తన పేరుకు మార్పించుకోవాలి. ఆ పని ఈయన చేయలేదు. చేయాలని తెలియదు.

ఇలాంటి నిర్ణయం సూపరింటెండెంటు ఒక్కతే తీసుకోకూడదు. అసిస్టెంట్ కమిషనర్‌కు నోటు పెట్టాలి. ఒక పేజీలో రాశాను. ప్రయాణికుడు తనంతట తానుగా బల్ల దగ్గరికి వచ్చాడు. అడిగినదానికంటే ఎక్కువే చూపించాడు. బ్యాగేజీ ఇంకా తనిఖీకి పోలేదు. పాత ధ్రువపత్రం ఉంది, కొలత సరిపోయింది. కాబట్టి ఇది దాచి తీసుకుపోయే ప్రయత్నం కాదని నా అభిప్రాయం. చివర ఇంకో వాక్యం చేర్చాను: ప్రయాణికుడు మా పక్క తాలూకావాడు, మా ఊరి తేరులో గతంలో వాయించాడు, అంతకుమించి పరిచయం లేదు. ఆ వాక్యం అవసరమా అని ఒక సహోద్యోగి అడిగాడు. తర్వాత ఇంకెవరో ఆ మాట రాసేదానికంటే నేను రాయడమే మంచిదన్నాను.

మా అసిస్టెంట్ కమిషనర్ మహారాష్ట్ర ఆయన. వయసులో నాకంటే చాలా చిన్నవాడు. నోటు చదివి, తానే బల్ల దగ్గరికి వచ్చాడు. హిందీలో ఒకటే ప్రశ్న అడిగాడు, నేను తెలుగులో చెప్పాను. బంగారానికి కాగితం కావాలని వచ్చినవాడు మిగతావన్నీ ఎందుకు బయటికి తీశాడు అని. పెద్దాయనకు ఆ ప్రశ్న విచిత్రంగా తోచింది.

"అన్నీ చూపీమని కదమ్మా మీరు అడిగితిరి?" అన్నాడు నాతో.

దాన్ని హిందీలోకి మార్చి చెప్పాను. అసిస్టెంట్ కమిషనర్ తల పంకించి, నోటు మీద ఆదేశం రాశాడు. బిళ్ళ, సూది సీలు వేసి మా భద్రపు గదిలో ఉంచాలి. ప్రయాణికుడికి డిటెన్షన్ రసీదు ఇవ్వాలి. అటవీశాఖకు ఆ రోజే లేఖ పోవాలి. తిరిగి వచ్చాక ధ్రువపత్రం తన పేరుకు మార్పించుకుని అసలు ప్రతితో వస్తే వస్తువులు తిరిగి ఇవ్వాలి. ప్రయాణానికి అభ్యంతరం లేదు. అది కఠినమైన ఆదేశమని నేననుకోను. ఆ బిళ్ళను ఎవరూ చూపించకుండా, తనిఖీలో స్కానర్ కింద మాకే దొరికి ఉంటే నేనే కేసు రాసేదాన్ని. అప్పుడు ఆయన వయసు, తేరు, ఏవీ లెక్కలోకి వచ్చేవి కావు.

రసీదు రాసి చేతికిచ్చాను. నా లెక్క ప్రకారం పని ముగిసింది. పన్నెండున్నర అయింది, ఇంకా సమయం ఉంది.

వెంకటరవణప్ప రసీదు తీసుకోలేదు. పీకలు, దారం, నూనె డబ్బీ ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు. నాదస్వరానికి గుడ్డ తొడుగు వేసి ముడి బిగించాడు.

"పాపా, ఇంటికి పోదాం పా" అన్నాడు.

ప్రయాణానికి అడ్డంకి లేదని నేను మళ్ళీ చెప్పాను. అర్థం కాలేదేమో అనుకున్నాను. ఆయనకు బాగానే అర్థమయింది.

"మీ తప్పేం లేదమ్మా. మీరు చెప్పింది న్యాయమే. అది లేకుండా నేను ఊదలేను, అంతే. యాభై ఏండ్లు పెదవి దానికే ఆనింది. వేరేది పెడితే గాలి నిలవదు నాకు. దేవుని ముందర కూర్చోని అపస్వరం పలికిచ్చేదానికి అంత దూరం పోవల్నా?"

నా బల్ల ముందు అరిచినవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు, పైవాళ్ళ పేర్లు చెప్పి బెదిరించినవాళ్ళున్నారు. వాళ్ళకు జవాబు చెప్పడం అలవాటయింది. ఈయన ఆ మూడు రకాల్లో చేరడు. అక్కడ గురువారం కుంభాభిషేకం. ఈయన మేళం తప్ప వేరే మేళం లేదు. చెకిన్ వరుసలో ఉన్న డోలువాళ్ళు అప్పుడే అటు చూసి, ఏమయిందని చేత్తో సైగ చేశారు.

అప్పుడు సుభద్ర తన భుజాన ఉన్న సంచి విప్పింది. లోపలి నుంచి చిన్న గుడ్డ మూట తీసి తండ్రి అరచేతిలో పెట్టింది. అందులో నల్లటి గుండ్రటి బిళ్ళలు రెండు, ఒక ఇత్తడి సూది.

"ఏందిది?" అన్నాడు.

"టెంకాయ చిప్ప నాయినా."

ఆయన ఒక బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. అంచు అద్దంలా నునుపుగా ఉంది. మధ్యలో రంధ్రం, ఒక్క పగులు లేదు.

"నువ్వు దీంతో ఊదుతాండావా?"

"అవును."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్నుంచీ. నాకు దంతంది ఉందా నాయినా? ఒక్కటే ఉండె, అది నీది."

పన్నెండేళ్ళుగా ఆమె ఆయన పక్కన కూర్చుని వాయిస్తోంది. పెళ్ళిళ్ళలో, తేర్లలో, రేడియోలో. కూతురి పెదవి దేనికి ఆనుతోందో ఆయన ఎన్నడూ అడగలేదు. ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఆ లెక్క ఆయన లోపల వేసుకుంటున్నట్టు ముఖం చూస్తే తెలిసింది.

"ఎవరు చేసిచ్చిరి నీకు?"

"నేనే చేసుకుంటిని. చిప్ప కోసి, ఉప్పుకాగితంతో రుద్దితి. మొదటి నాలుగూ పగిలిపోయె. అయిదోది నిలిచింది."

ఆయన సంచిలోంచి ఒక పీక తీసి, కింద టెంకాయ చిప్ప బిళ్ళ తొడిగి, పెదవికి ఆనించుకున్నాడు. నాదస్వరం లేకుండా ఉత్త పీకలోకి ఊదాడు. సన్నని కీచు శబ్దం హాలంతా వినబడింది. వరుసల్లో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. కాపలా జవాను రెండడుగులు ఇటు వేశాడు. నేను చెయ్యెత్తి ఫరవాలేదన్నాను. పెద్దాయన బిళ్ళను కొంచెం తిప్పి మళ్ళీ ఊదాడు. ఈసారి శబ్దం నిలకడగా వచ్చింది.

"వస్తాండాదే" అన్నాడు ఆశ్చర్యంగా. తర్వాత కూతురి వైపు చూసి, "అలవాటయ్యేదానికి నాకు రెండు దినాలు పడతాది. మొదటి దినం నువ్వే ముందుగా రాగం ఎత్తుకో. నేను నీ పక్కన కూర్చుంటా" అన్నాడు.

సుభద్ర తల ఊపింది. కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగింది. పెద్దాయన రసీదు అందుకుని, తోడా పత్రంతో కలిపి ఆమె ఫైల్లో పెట్టాడు. నేను వాళ్ళతో చెకిన్ దాకా నడిచాను. అది నా విధుల్లో లేదు. డోలువాళ్ళూ దాదాపు ఆయన వయసువాళ్ళే, వాళ్ళకు సంగతి చెప్పేందుకు ఇంకా ఓపిక అవసరమయింది.

పది రోజుల తర్వాత వాళ్ళు తిరిగి వచ్చారు. అరైవల్లో ఆ రోజు నేను డ్యూటీలో లేను. రెడ్ చానెల్లో సర్టిఫికేటు చూపించి, తోడా తూకం సరిచూపించుకుని అయిదు నిమిషాల్లో బయటపడ్డారని రిజిస్టరులో చూశాను.

ధ్రువపత్రం పేరు మార్పుకు మూడు నెలలు పట్టింది. మరణ ధ్రువపత్రం, వంశవృక్షం, ప్రమాణపత్రం, చింతామణికీ చిక్కబళ్ళాపురానికీ తిరుగుడు. ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసి ఇచ్చాను, అంతవరకే నేను చేయగలిగింది. సెప్టెంబరు చివర ఒక ఉదయం తండ్రీ కూతుళ్ళు కొత్త ధ్రువపత్రంతో వచ్చారు. భద్రపు గది నుంచి కవరు తెప్పించి, వాళ్ళ ఎదుటే సీలు విప్పి, బిళ్ళ, సూది అప్పగించి, సంతకం తీసుకున్నాను. మలేసియాలో ఎలా జరిగిందని అడిగాను. మొదటి రోజు సుభద్ర ఎత్తుకుందట. రెండో రోజు ఆయనకు బిళ్ళ అలవాటయింది. అయినా రెండో రోజూ, మూడో రోజూ కూడా ఆమెనే ఎత్తుకోమన్నాడట. అది చెప్పింది ఆయనే.

"ఇది ఇంక బయటికి తియ్యనమ్మా, ఊళ్ళో తేరుకు కూడా. ఇంట్లో ఉండనీ" అన్నాడు, బిళ్ళను పట్టు సంచిలో వేస్తూ. ఎందుకని నేను అడగలేదు. దేశం లోపల వాయించుకోవడానికి చట్టం అడ్డురాదని మాత్రం చెప్పాను. ఆ సంగతి తనకు తెలుసన్నాడు.

ఆ ఘటన తర్వాత నా పద్ధతిలో ఒక మార్పు చేసుకున్నాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ప్రయాణికులను నేను అడుగుతూ వచ్చిన ప్రశ్న "ప్రకటించవలసినది ఏమైనా ఉందా?" అనేది. లేదంటే అది వాళ్ళ జవాబుగా రాసుకునేదాన్ని. ఏది ప్రకటించాలో తెలియని మనిషి ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేడు. వెంకటరవణప్ప నా బల్ల మీద సంచి బోర్లించాడు కాబట్టి సరిపోయింది. అదే సంచి నడుముకు కట్టుకుని నేరుగా తనిఖీకి పోయి ఉంటే, అదే మనిషి, అదే బిళ్ళ, ఒక క్రిమినల్ కేసు అయి ఉండేది. తేడా ఆయన నిజాయితీలో లేదు, మేము ముందుగా చెప్పామా లేదా అన్నదానిలో ఉంది.

కాబట్టి అప్పటి నుంచి ఆ ప్రశ్నకు ముందు, దేశం దాటకూడని వస్తువుల పేర్లు చెప్పేదాన్ని, ప్రయాణికుడి భాషలో, ఆయన ఇంట్లో పిలిచే పేర్లతో. ఏం తీసుకుపోతున్నారని కాక, అక్కడ ఏం పని మీద పోతున్నారని అడిగేదాన్ని. పని తెలిస్తే దానికి కావలసిన సామాను తెలుస్తుంది. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్లకూ అదే నేర్పాను. వాళ్ళలో కొందరు ఇలా అడిగితే ఒక్కో ప్రయాణికుడికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుందన్నారు. అది నిజమే. ఆ రెండు నిమిషాలు ఇవ్వమనే చెప్పాను.